మీ ప్రశ్నలు, మా జవాబులు: ముస్లిం దేశాలతో అమెరికా వ్యవహారం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పశ్చిమాసియా గురించే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. 2025 డిసెంబరు నెలాఖరు వరకు జరిగినవాటినే లెక్కలోకి తీసుకున్నాం.

*2009లో ఒబామా కైరో వెళ్లి ముస్లింలతో కొత్త ఆరంభం అన్నారు. 2017లో ట్రంప్ ఏడు ముస్లిం దేశాల వాళ్లను రానివ్వనన్నారు. 2025లో అదే ట్రంప్ రియాద్‌లో నిలబడి సిరియా మీద ఆంక్షలు ఎత్తేస్తానన్నారు. ఇందులో ఏది మాట, ఏది విధానం? మాలాంటి వాళ్లం ఎలా తేల్చుకోవాలి?*
– గ్రూప్స్‌కు చదువుతున్న పాఠకురాలు, హనుమకొండ

వార్త చదవగానే ఆ నిర్ణయం ఏ కాగితం మీద ఉందో చూడండి. అధ్యక్షుడి ప్రసంగం అయితే దానికి చట్టబలం లేదు. ఆయన సంతకం చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వు అయితే వెంటనే అమలవుతుంది, కానీ తర్వాత వచ్చే అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయొచ్చు. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఉభయ సభలు చేసిన చట్టమైతే దాన్ని మార్చాలన్నా రద్దు చేయాలన్నా మళ్లీ కాంగ్రెసే కావాలి. వేరే దేశంతో రాసుకున్న ఒప్పందం, ఎగువ సభ సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఒడంబడిక అవుతుంది. ఈమధ్య కాలంలో పశ్చిమాసియా విషయంలో ఆ దాకా వెళ్లినవి బహు తక్కువ.

మీరు చెప్పిన మూడింటినీ ఇలా పెట్టి చూడండి. 2009 జూన్ 4 నాటి కైరో ఉపన్యాసం మంచి ఉపన్యాసమే. దానివల్ల ఆంక్షల చట్టం ఒక్కటీ మారలేదు. 2017 జనవరి 27 నాటి ప్రయాణ నిషేధం ఉత్తర్వు. ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సూడాన్, సిరియా, యెమెన్ పౌరుల మీద పెట్టారు. కోర్టులు ఆపాయి, రెండుసార్లు తిరగరాశారు, మూడో రూపాన్ని సుప్రీంకోర్టు 2018 జూన్‌లో 5-4 తేడాతో నిలబెట్టింది. బైడెన్ పదవిలోకి వచ్చిన రోజే, 2021 జనవరి 20న, దాన్ని తీసేశారు. 2025 జూన్‌లో ట్రంప్ వేరే జాబితాతో మళ్లీ తెచ్చారు. సంతకంతో వచ్చింది సంతకంతో పోయి, మళ్లీ సంతకంతోనే వచ్చింది. సిరియా సంగతి కింద విడిగా రాశాం. అక్కడ ప్రసంగం ఒక రోజు పని, ఆంక్షలు విప్పడం ఏడు నెలల పని అయింది.

ఇంకో వైపు, ఎవరొచ్చినా కదలని కాగితం కూడా ఒకటుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వారంలోపే కాంగ్రెస్ సైనిక బలప్రయోగానికి అనుమతినిస్తూ ఒక తీర్మానం చేసింది. అసలు అనుమతి ఉన్న వాక్యం అరవై పదాలే. దిగువ సభలో వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. ఆ దాడులు చేసిన వాళ్ల మీద, వాళ్లకు ఆశ్రయమిచ్చిన వాళ్ల మీద అని రాసిన ఆ అనుమతిని తర్వాతి అధ్యక్షులు, రెండు పార్టీల వాళ్లూ, యెమెన్, సోమాలియా, సిరియాల దాకా సాగదీశారు. ఇరాక్ మీద 1991లో, 2002లో ఇచ్చిన అనుమతులను కాంగ్రెస్ 2025 డిసెంబరులో రద్దు చేసింది. 2001 నాటిది అలాగే ఉంది. అమెరికా విధానం మారిందని ఎవరైనా రాస్తే మేం మొదట వెతికేది ఈ కాగితం ఉందా పోయిందా అనే.

*2015లో అన్ని పెద్ద దేశాలూ కలిసి కుదుర్చుకున్న ఇరాన్ అణు ఒప్పందాన్ని ఒక్క మనిషి ఎలా తెంచేయగలిగాడు? అమెరికా చట్టం మన మీద చెల్లదు కదా, మరి మనం ఇరాన్ చమురు కొనడం ఎందుకు మానేశాం?*
– పెట్రోలు బంకు యజమాని, నిజామాబాద్

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ ఒప్పందం రాసుకున్న తీరులోనే ఉంది. సెనేట్‌లో 67 ఓట్లు రావని ఒబామాకు తెలుసు. అందుకని దాన్ని ఒడంబడికగా పంపకుండా రాజకీయ హామీగా ఉంచారు. ఇరాన్ మీద కాంగ్రెస్ చేసిన ఆంక్షల చట్టాలను రద్దు చేయలేదు. వాటిలోనే ఉన్న వెసులుబాటును వాడి, 120 రోజులకో 180 రోజులకో ఒకసారి మినహాయింపు పత్రం మీద సంతకం పెడుతూ వచ్చారు. 2018 మే 8న ట్రంప్ చేసిందల్లా ఆ సంతకాలు ఇక పెట్టననడమే. కొన్ని వ్యాపారాలు ముగించుకోవడానికి 90 రోజులు, చమురు, బ్యాంకుల వ్యవహారాలకు 180 రోజులు గడువిచ్చారు. నవంబరు మొదటి వారానికి ఆంక్షలన్నీ తిరిగొచ్చాయి.

ఇరాన్ ఇచ్చిన మాటలేమో వెనక్కి తీసుకోవడం కష్టమైనవి. యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు, 300 కిలోలకు మించి నిల్వ పెట్టకూడదు. అందుకోసం 2015 డిసెంబరులో 11 టన్నుల దాకా తక్కువ శుద్ధి యురేనియాన్ని ఓడకెక్కించి రష్యాకు పంపారు. అరాక్ రియాక్టర్ గుండెకాయ లాంటి భాగాన్ని తీసి కాంక్రీటు పోశారు. ఒకరు కాంక్రీటు పోశారు, ఇంకొకరు నాలుగు నెలలకో ఆర్నెల్లకో ఒకసారి సంతకం పెట్టారు. ఒప్పందంలోని అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇరాన్ మాట నిలబెట్టుకుంటోందని వరసగా నివేదికలిస్తున్న రోజుల్లోనే అమెరికా బయటికి వచ్చింది. ఇరాన్ ఏడాది ఆగి, 2019 జులైలో 300 కిలోల గీత దాటింది. 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 జూన్ నాటికి 60 శాతం సరుకే 400 కిలోలు దాటింది. జూన్ 22న ఏడు అమెరికా బి-2 బాంబర్ విమానాలు ఒక్కోటి 13 టన్నులకు పైగా బరువున్న 14 బాంబులను ఫోర్దో, నతాంజ్ అణు కేంద్రాల మీద వేశాయి. 2018కి ముందు ఇరాన్ శుద్ధి చేసిన యురేనియం ఎక్కడ ఎంత ఉందో తనిఖీ అధికారులు తూకం వేసి చెప్పేవారు. బాంబుల తర్వాత ఆ లెక్క చెప్పగలిగే వాళ్లు లేకుండా పోయారు.

ఇక మన చమురు. అమెరికా చట్టం మన ప్రభుత్వం మీద చెల్లదన్నది నిజమే. కానీ అది పట్టుకునేది ప్రభుత్వాన్ని కాదు, బ్యాంకును. ప్రపంచంలో ఎక్కడ డాలర్లలో చెల్లింపు జరిగినా దాదాపుగా న్యూయార్క్‌లోని ఏదో ఒక బ్యాంకు ఖాతా గుండా పోవాల్సిందే. ఇరాన్‌తో లావాదేవీ చేసిన విదేశీ బ్యాంకుకు ఆ ఖాతా మూసేస్తామంటే చాలు. 2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబాలకు డాలర్లు తిప్పినందుకు దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టింది. ఆ తర్వాత పెద్ద బ్యాంకులు చాలావరకు వెనకడుగు వేశాయి.

అప్పట్లో మన ముడిచమురు దిగుమతుల్లో దాదాపు పదో వంతు ఇరాన్‌దే. డబ్బు కట్టడానికి వేరే దారులు పెద్దగా మిగల్లేదు గనక, మన ప్రభుత్వం అమెరికాలో పెద్దగా వ్యాపారం లేని యూకో బ్యాంకులో ఇరాన్‌కు రూపాయల ఖాతా తెరిపించింది. మనం చమురు డబ్బు అందులో వేస్తే, ఇరాన్ దాంతో మన బియ్యం, టీ, మందులు కొనుక్కునేది. 2018 నవంబరులో అమెరికా ఎనిమిది కొనుగోలుదారులకు ఆరు నెలల మినహాయింపు ఇచ్చింది, అందులో మనమూ ఉన్నాం. 2019 మే 2తో అది ముగిసింది, కొనుగోళ్లూ ఆగిపోయాయి. ఐరోపా వాళ్లు ఇన్‌స్టెక్స్ అని డాలరు లేని దారి ఒకటి వేయబోయారు. 2020 మార్చిలో వైద్య సామగ్రికి సంబంధించి ఒక లావాదేవీ జరిగింది, 2023లో దుకాణం మూసేశారు. ఇరాన్‌లోని చాబహార్ రేవుకు 2018లో ఇచ్చిన మినహాయింపును కూడా 2025 సెప్టెంబరులో తీసేసి, తర్వాత ఆరు నెలలకు మళ్లీ ఇచ్చారు. మనం 2024 మేలో ఆ రేవు నడపడానికి రాసుకున్న ఒప్పందమేమో పదేళ్లది.

*తల మీద కోటి డాలర్ల వెల పెట్టిన మనిషిని వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడారు. అంత త్వరగా ఎలా మారిపోతారు?*
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

ఒకప్పుడు తిరుగుబాటు సంస్థను నడిపి, తర్వాత సిరియా అధ్యక్షుడైన అహ్మద్ అల్ షరా సంగతి అడుగుతున్నారు. 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలింది. రెండు వారాలు తిరక్కుండానే అమెరికా అధికారులు డమాస్కస్ వెళ్లి ఆయన్ను కలిసి, ఆ బహుమతి ప్రకటనను ఎత్తేశారు. 2025 మే 13న రియాద్‌లో ట్రంప్ ఆంక్షలు తీసేస్తానన్నారు. సౌదీ యువరాజు, తుర్కియే అధ్యక్షుడు గట్టిగా అడగడమే దీనికి దగ్గరి కారణం. ఇరాన్ చేతిలోంచి జారిన దేశాన్ని మళ్లీ దాని చేతిలో పడనివ్వకూడదన్నది వాళ్ల లెక్క, అమెరికా లెక్క కూడా అదే.

అసలు తెలుసుకోవాల్సింది ఆ తర్వాతిది. సిరియా మీద ఆంక్షలు 1979 నుంచి ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి. మొదట మే 23న ఖజానా శాఖ ఒక సాధారణ లైసెన్సు ఇచ్చింది. అప్పటిదాకా నిషిద్ధమైన లావాదేవీలు చాలావరకు దాంతో చేసుకోవచ్చు. సిరియా మీద కాంగ్రెస్ 2019లో చేసిన సీజర్ ఆంక్షల చట్టాన్ని అధ్యక్షుడు తీసేయలేడు, అందుకని విదేశాంగ శాఖ 180 రోజుల మినహాయింపు ఇచ్చింది. జూన్ 30న పాత ఉత్తర్వులను రద్దు చేస్తూ కొత్త ఉత్తర్వు వచ్చింది. జులైలో ఆయన సంస్థ పేరును విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలోంచి తీశారు. నవంబరులో భద్రతా మండలి ఆయన పేరు మీద ఆంక్షలు తొలగించింది, ఆ వెంటనే నవంబరు 10న ఆయన వైట్‌హౌస్‌లో ఉన్నారు. డిసెంబరులో రక్షణ వ్యయాల చట్టంలో కలిపి సీజర్ చట్టాన్ని కాంగ్రెస్ రద్దు చేసింది. ఉగ్రవాదాన్ని పోషించే దేశం అన్న 1979 నాటి ముద్ర మాత్రం ఏడాది చివరికీ పోలేదు.

180 రోజుల మినహాయింపు ఎందుకు చాలదంటే, కరెంటు ప్లాంటు కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది, పెట్టుబడి రాబట్టుకోవడానికి పదిహేనేళ్లు. ఆరు నెలల కాగితం చూసి ఏ బ్యాంకూ అప్పివ్వదు. సీజర్ చట్టం పోయేదాకా మొదలుకాని పనులు అందుకే మొదలుకాలేదు. మరో సంగతి. చట్టం రద్దయిన అదే డిసెంబరులో ప్రయాణ నిషేధం జాబితాలో సిరియా పేరు చేర్చారు. అంటే సిరియాలో పెట్టుబడి పెట్టొచ్చు, సిరియా పౌరుడు మాత్రం అమెరికా రాకూడదు. ఆంక్షలు చూసే కార్యాలయం వేరు, వీసాలు చూసేది వేరు. రెండూ ఒకే బాటలో నడుస్తాయనుకోవద్దు.

*మా తమ్ముడు మర్చంట్ నేవీలో ఏబీ (డెక్ మీద పనిచేసే నావికుడు)గా చేస్తున్నాడు. ఒక ఏజెంటు దుబాయ్ కంపెనీ ట్యాంకర్ మీద మామూలు కంటే బాగా ఎక్కువ జీతం ఇప్పిస్తానంటున్నాడు. ఇరాన్ సరుకు మోసే ఓడలని కొందరు భయపెడుతున్నారు. అమెరికా ఆంక్షలు నావికుడికి కూడా తగులుతాయా?*
– పాఠకుడు, విశాఖపట్నం

మామూలు సిబ్బందిని జాబితాలో పెట్టడం అరుదు. కానీ 2019లో ఆడ్రియన్ దర్యా 1 అనే ట్యాంకర్‌తో పాటు దాని భారతీయ కెప్టెన్ మీద కూడా ఆంక్షలు పెట్టారు. 2025లో ఇరాన్ చమురు, పెట్రోకెమికల్ వ్యాపారం పేరిట మన దేశపు కంపెనీలనూ చేర్చారు. ఇలాంటి ఓడల్లో మీ తమ్ముడికి అసలు ప్రమాదం వేరే ఉంది: జీతం రాకపోవడం, సముద్రం మధ్యలో వదిలేయడం, బీమా లేకపోవడం.

అందుకని ముందుగా ఓడ ఐఎంఓ నంబరు అడగండి. ఏడు అంకెలుంటుంది. ఓడ పేరు, జెండా, యజమాని ఎన్నిసార్లు మారినా అది మారదు. ఆ నంబరు చెప్పడానికి ఏజెంటు వెనకాడితే అక్కడితో ఆపేయండి. నంబరు దొరికితే అమెరికా ఖజానా శాఖ ఆంక్షల కార్యాలయం వెబ్‌సైట్‌లో వెతికే పెట్టె ఉంది, ఉచితం. అందులో ఓడ, యజమాని కంపెనీ, నడిపే కంపెనీ మూడింటినీ వెతకండి. పేరు లేనంత మాత్రాన శుభ్రమని అనుకోకండి. ఆంక్షలున్న వాళ్లకు 50 శాతం, ఆ పైన వాటా ఉన్న కంపెనీకి, దాని పేరు జాబితాలో లేకపోయినా, ఆంక్షలు వర్తిస్తాయి. తర్వాత ఈక్వాసిస్ అనే ఉచిత సైట్‌లో ఖాతా తెరిచి ఆ ఓడ చరిత్ర చూడండి. రెండు మూడేళ్లలో మూడు నాలుగు సార్లు పేరు, జెండా మారి ఉంటే, ఓడ వయసు ఇరవై దాటి ఉంటే, బీమా ఎవరిదో కనబడకపోతే అది అనుమానించాల్సిన ఓడే. ఇలాంటి ఓడలు తమ ఉనికి తెలిపే పరికరాన్ని ఆపేసి, మలేసియా దగ్గర సముద్రంలో ఒక ఓడలోంచి ఇంకో ఓడలోకి చమురు మార్చుకుంటాయి. చీకట్లో, పాత గొట్టాలతో చేసే ఆ పనిలో మంటలు, ఢీకొనడాలు మామూలు. ప్రాణం మీదికి వస్తే పరిహారం ఇచ్చే బీమా కంపెనీ ఉండదు.

ఏజెంటుకు మన షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ నావికుల నియామకాలకు ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోవాలి. కాపీ చూపిస్తే నమ్మొద్దు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం అంతర్జాతీయ నావికుల ఒప్పందం ప్రకారం నిషిద్ధం. అడిగితే అదే చాలినంత సూచన. రెండు నెలల జీతం ఆగితే ఆ ఒప్పందం ప్రకారం నావికుణ్ణి వదిలేసినట్టు లెక్క, నాలుగు నెలల దాకా బకాయి జీతం బీమా నుంచి రావాలి. ఆ బీమా పత్రం ఓడలో అందరికీ కనబడేలా అతికించి ఉండాలి. ఓడెక్కిన రోజే దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి ఇంటికి పంపమనండి.

*మా అమ్మానాన్నలు కర్బలా, నజఫ్, మషహద్ జియారత్‌కు వెళ్లొచ్చారు. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య దగ్గరికి వెళ్లాలి. పాస్‌పోర్టులో ఇరాక్, ఇరాన్ ముద్రలుంటే వీసా రాదా?*
– పాఠకురాలు, పాతబస్తీ, హైదరాబాద్

ఆ ముద్రల వల్లే వీసా ఆగదు. 2017 నిషేధమైనా 2025 నిషేధమైనా చూసేది పౌరసత్వాన్ని. మతాన్నీ, చేసిన ప్రయాణాలనూ కాదు. భారతీయులు ఏ జాబితాలోనూ లేరు. మీరు విన్న నియమం ఇంకొకటి అయ్యుంటుంది. 2011 మార్చి 1 తర్వాత ఇరాన్, ఇరాక్, సిరియా వంటి దేశాలకు వెళ్లిన వాళ్లు వీసా లేకుండా ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతి మీద అమెరికా వెళ్లడానికి వీల్లేదు. ఆ సదుపాయం బ్రిటన్ లాంటి దేశాల పౌరులకే ఉంది, మనకు ఎటూ లేదు. మీ బంధువుల్లో లండన్ వాసులై బ్రిటిష్ పాస్‌పోర్టున్న వాళ్లు జియారత్ చేసొస్తే, వాళ్లు ఎస్టా బదులు మామూలు విజిటర్ వీసాకు అర్జీ పెట్టుకోవాలి.

డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత ఐదేళ్లలో వెళ్లిన దేశాలు అడుగుతారు. ఇరాక్, ఇరాన్ తప్పకుండా రాయండి. వీసా విడి కాగితం మీద ఇచ్చి పాస్‌పోర్టులో ముద్ర పడకపోయినా రాయాలి. ప్రయాణం చేయడం తప్పు కాదు, దాచడం మాత్రం తప్పుడు సమాచారం కింద శాశ్వతంగా అడ్డుపడొచ్చు. గ్రూపు నిర్వాహకుడి రసీదు, టికెట్లు, తేదీలు ఒక ఫైల్లో పెట్టుకోమనండి. కొందరికి ఇంటర్వ్యూ తర్వాత 221-జి కాగితం ఇచ్చి, డీఎస్-5535 అనే ప్రశ్నావళి పంపుతారు. అందులో పదిహేనేళ్ల ప్రయాణాలు, చిరునామాలు, ఉద్యోగాలు అడుగుతారు. వయసు మళ్లిన వాళ్లకు ఆ తేదీలు గుర్తుండవు, ఇప్పుడే పాత పాస్‌పోర్టులు ముందేసుకుని రాసిపెట్టండి. 221-జి అంటే తిరస్కరించి తలుపు మూసినట్టు కాదు, పరిశీలన మిగిలి ఉందని. అది తేలేదాకా, రద్దు చేస్తే డబ్బు తిరిగిరాని టికెట్లు కొనొద్దు.

*ప్రజాస్వామ్యం అంటూ అందరికీ చెప్పే అమెరికా ఈజిప్టులో సైన్యం ఎన్నికైన అధ్యక్షుణ్ణి దించితే ఎందుకు ఊరుకుంది?*
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

సైనిక కుట్రతో ఎన్నికైన ప్రభుత్వాన్ని దించిన దేశానికి సాయం ఆపాలని అమెరికా బడ్జెట్ చట్టంలో ఏటా ఒక సెక్షన్ ఉంటుంది. 2013 జులై 3న సైన్యాధిపతి సిసీ, ఎన్నికైన అధ్యక్షుడు ముర్సీని దించారు. అది కుట్ర అవునో కాదో తాము తేల్చాల్సిన అవసరం చట్టంలో లేదని ఒబామా ప్రభుత్వం చెప్పి తప్పుకుంది. ఆ సెక్షన్ పనిచేయాలంటే ముందు ఎవరో ఒకరు తేల్చాలి, తేల్చడానికి గడువు రాయలేదు. ఉన్న సందు అదే. అక్టోబరులో ఎఫ్-16 యుద్ధవిమానాలు, అపాచీ హెలికాప్టర్లు ఆపి, అపాచీలను 2014లో, ఎఫ్-16లను 2015 మార్చిలో వదిలారు.

ఈజిప్టుకు ఏటా ఇచ్చే సైనిక సాయం 130 కోట్ల డాలర్లు. అది కైరో ఖజానాకు చేరదు, అమెరికా కంపెనీల ఆయుధాలకే ఖర్చవుతుంది. బదులుగా 1979 నాటి ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం నిలుస్తుంది, సూయజ్ కాలువలో అమెరికా యుద్ధనౌకలు వరస ఆగకుండా సాగిపోతాయి, గగనతలం తెరిచి ఉంటుంది. ఆపితే పోయేది రెండు వైపులా ఉంది. నైజర్‌లో 2023 జులై 26న సైన్యం అధికారం పట్టింది. దాన్ని కుట్ర అని ప్రకటించడానికి అక్టోబరు దాకా పట్టింది, అక్కడ డ్రోన్ల స్థావరం ఉంది మరి. ఈజిప్టు యువత 2011లో తహ్రీర్ చౌక్‌లో ప్రాణాలకు తెగించి తెచ్చుకున్న ఎన్నిక, ఒక సెక్షన్‌లో గడువు రాయనందువల్ల దిక్కులేనిదైంది. ఇది మమ్మల్ని బాధపెట్టే సంగతి.

*సౌదీ వేల కోట్ల డాలర్ల ఆయుధాలు కొంటోందని ఎప్పటికప్పుడు వార్త. నిజంగా అంత కొంటున్నారా?*
– పాఠకుడు, ఏలూరు

ప్రకటించిన అంకె, సంతకమైన అంకె, చేతికందిన అంకె మూడూ వేరు. 2017లో 11,000 కోట్ల డాలర్లన్నారు. అందులో చాలా భాగం కొంటామన్న ఉద్దేశ పత్రాలే. 2025 మేలో ఆయుధాలకే 14,200 కోట్లన్నారు. పెద్ద అమ్మకం ఏదైనా కాంగ్రెస్‌కు లాంఛనంగా తెలియజేసి 30 రోజులు ఆగాలి. నాటో దేశాలు, ఇజ్రాయెల్, జపాన్ వంటి వాటికైతే 15 రోజులు. ఆ నోటీసు వచ్చిన రోజే ప్రకటన లెక్కలోకి వస్తుందని గుర్తుపెట్టుకోండి. ఆ గడువులో కాంగ్రెస్ అడ్డుకోవచ్చు గానీ అధ్యక్షుడి వీటోను దాటడానికి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి. ఈ దారిలో ఇంతవరకు ఒక్క అమ్మకమూ ఆగలేదు. 2019 మేలో ట్రంప్ అత్యవసరమని చెప్పి సౌదీ, యూఏఈ, జోర్డాన్‌లకు 810 కోట్ల డాలర్ల సరుకును ఆ 30 రోజులు లేకుండానే పంపారు. కాంగ్రెస్ మూడు తీర్మానాలు చేసింది, మూడింటినీ వీటో చేశారు. అప్పటికి సౌదీ పాత్రికేయుడు ఖషోగ్గీ హత్య జరిగి ఏడాది కూడా కాలేదు. యెమెన్‌లో ఇళ్ల మీద బాంబులు పడుతూనే ఉన్నాయి.

నోటీసు దాటినా చేతికందుతుందని లేదు. యూఏఈ 2020లో 50 ఎఫ్-35లు అడిగింది, చైనా కంపెనీ హువావే 5జీ పరికరాల దగ్గర పేచీ వచ్చి ఆగిపోయింది.

*పాకిస్తాన్‌ను ఒకసారి నెత్తిన పెట్టుకుంటారు, ఒకసారి కింద పడేస్తారు. ఇందులో లెక్క ఏమిటి?*
– పాఠకుడు, విజయవాడ

లెక్క అఫ్ఘానిస్తాన్. 1979 ఏప్రిల్‌లో అణు కార్యక్రమం పేరు చెప్పి కార్టర్ సాయం ఆపారు. డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి దిగింది. 1981కల్లా ఆరేళ్లకు 320 కోట్ల డాలర్ల సాయం, 40 ఎఫ్-16లు. 1985 నాటి ప్రెస్లర్ సవరణ ప్రకారం పాకిస్తాన్ దగ్గర అణ్వాయుధం లేదని అధ్యక్షుడు ఏటా ధ్రువీకరించాలి. సోవియట్‌లు 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. 1990 అక్టోబరులో ఇక ధ్రువీకరించలేమన్నారు. మధ్యలో మారింది అణు కార్యక్రమం కన్నా అవసరం. డబ్బు కట్టిన 28 ఎఫ్-16లు ఆగిపోయాయి, ఏళ్ల తర్వాత నగదుతో, గోధుమలతో ఆ బాకీ తేల్చారు. 2001 తర్వాత మళ్లీ ఆంక్షలెత్తేశారు, 2004లో నాటోయేతర ముఖ్య మిత్రదేశమన్నారు, 2018 జనవరిలో సైనిక సాయం ఆపారు. 2025 జూన్‌లో సైన్యాధిపతికి వైట్‌హౌస్‌లో విందు. ఇది మతంతో వచ్చిన ప్రేమా కాదు, ద్వేషమూ కాదు. ఆ ఏడాది పాకిస్తాన్ దారిన ఏం పంపాలి, ఎవరితో మాట్లాడించాలి అన్నదే.

*మా అబ్బాయి ఖతార్‌లో ఉన్నాడు. అక్కడ అమెరికా స్థావరం ఉండడం రక్షణా, ప్రమాదమా?*
– ఒక తల్లి, జగిత్యాల

అమ్మా, రెండూ. అల్ ఉదైద్‌లో పదివేల మంది దాకా అమెరికా సైనికులుంటారు. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు ఆ స్థావరం మీదికే వచ్చాయి, సెప్టెంబరు 9న దోహా నగరం మీదే ఇజ్రాయెల్ దాడి చేసింది. అక్టోబరులో ఖతార్ రక్షణకు హామీ ఇస్తూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. అది ఉత్తర్వే, సెనేట్ ఆమోదించిన ఒడంబడిక కాదు. మీ అబ్బాయి పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకోవాలి, అక్కడి చట్టం ప్రకారం యజమాని పెట్టుకోకూడదు. పాస్‌పోర్టు, ఖతార్ ఐడీ, ఉద్యోగ ఒప్పందం ఫోటోలు మీ ఫోన్‌లో కూడా ఉండాలి. భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. గగనతలం మూసేస్తే కొన్ని గంటలో కొన్ని రోజులో కదలలేరు, ఒక నెల ఖర్చుకు సరిపడా రియాళ్లు చేతిలో ఉంచుకోమనండి.

*అమెరికా ఇరాక్‌లోంచి వెళ్లిపోయినట్టేనా? 2003లో అసలు ఎక్కడ చెడింది?*
– చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి

చెడింది మొదటి నెలల్లోనే. సామూహిక సంహార ఆయుధాలున్నాయని మార్చి 20న దాడి చేశారు, అవి దొరకలేదు. మే 16న ఆక్రమణ పాలనా సంస్థ మొదటి ఉత్తర్వుతో సద్దాం హుసేన్ బాత్ పార్టీ పై శ్రేణుల వాళ్లందర్నీ ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఆ పార్టీలో లేకుండా పై పదవి దక్కని దేశం గనక నిపుణులూ, ఇంజనీర్లూ, ప్రధానోపాధ్యాయులూ కూడా పోయారు. మే 23న రెండో ఉత్తర్వుతో సైన్యాన్నే రద్దు చేశారు. లక్షల మంది, ఆయుధం పట్టడం తెలిసిన వాళ్లు, జీతం లేకుండా వీధిన పడ్డారు. మందుగుండు గోదాములకు కాపలా లేదు. తిరుగుబాటుకు మనుషులూ, సామగ్రీ ఒకే వారంలో సమకూరాయి. తర్వాతి కాలంలో ఇస్లామిక్ స్టేట్‌ను నడిపిన వాళ్లలో పాత ఇరాక్ సైన్యాధికారులు ఉండడం యాదృచ్ఛికం కాదు.

వెళ్లిపోయారా అంటే, సైనికులను చూసి చెప్పకండి. 2003 నుంచి ఇరాక్ చమురు అమ్మిన డబ్బు న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి డాలర్ నోట్ల కట్టలు విమానంలో బాగ్దాద్ వస్తాయి. ఇరాక్ ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం చమురుదే, ఉద్యోగుల జీతాలూ పింఛన్లూ దాని మీదే. 2020 జనవరి 5న విదేశీ సైన్యాన్ని పంపేయాలని ఇరాక్ పార్లమెంటు తీర్మానించింది. ఆ ఖాతా అందకుండా పోవచ్చని అమెరికా నుంచి బాగ్దాద్‌కు హెచ్చరిక వెళ్లింది. ఆ ఏడాది సైన్యం తగ్గింది గానీ పూర్తిగా కదల్లేదు, ఖాతా ఇప్పటికీ న్యూయార్క్‌లోనే ఉంది.